బాణలి అంటుకుంటే దుప్పటి కప్పవచ్చా?

గుణుపూర్ నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. సంక్రాంతికి వాళ్లింట్లో అరిసెలు వండుతారు. మార్గశిర గురువారాల్లో పక్కింటి ఒడియా వాళ్లు అరిసా పిఠా చేస్తారు. రెండిళ్లలోనూ పొయ్యి మీద లీటర్ల కొద్దీ నూనె కాగుతుంది. భువనేశ్వర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆమెకు ఒక ఫైర్ బ్లాంకెట్ పంపించాడు. మండుతున్న బాణలి మీద ఎవరో దుప్పటి కప్పుతున్న బొమ్మ దాని సంచి మీద ఉంది. "ఇది నిజంగా పనిచేస్తుందా, దుప్పటి కూడా అంటుకుంటుందా?" అని ఆమె అడిగారు.

చాలా మంచి ప్రశ్న. ఆ దుప్పటి గాజు నారతో నేసింది కాబట్టి అది అంటుకోదు. అయినా దాని మీద మంట నిలబడి మండవచ్చు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయో అర్థమైతే వంటింటి మంట గురించి తెలియవలసింది చాలావరకు తెలిసినట్టే. ఇంధనం, వేడి, ఆక్సిజన్ అనే త్రికోణం బొమ్మ ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది, దాన్ని ఇక్కడ మళ్లీ గీయను. మన పూజగదిలోని ప్రమిద అంతకన్నా బాగా చెబుతుంది.

ప్రమిదలో నువ్వుల నూనె పోసి, వత్తి వేయకుండా, వెలిగించిన అగ్గిపుల్లను అందులో ముంచితే పుల్ల ఆరిపోతుంది. నూనె అంటుకోదు. ద్రవరూపంలో ఉన్న నూనె మండదు, దాని ఆవిరే మండుతుంది. చల్లని నూనె నుంచి మంటకు సరిపడా ఆవిరి రాదు. ఆ లోటును వత్తి తీరుస్తుంది. పత్తి పోగుల మధ్య సన్నని సందుల గుండా నూనె పైకి పాకుతుంది. కొసకు చేరేది ఒక బొట్టుకన్నా తక్కువ. అంత కొంచెం నూనెను ఆవిరి చేయడానికి చిన్న మంట వేడి చాలు. ఆవిరి గాలితో కలిసి మండుతుంది, ఆ వేడి మరికొంత నూనెను ఆవిరి చేస్తుంది. నూనె అందుతున్నంతసేపు వత్తి కొస నల్లబడుతుందే తప్ప కాలి బూడిద కాదు. ఆవిరయ్యే నూనె దాన్ని చల్లబరుస్తూ ఉంటుంది. దీపంలో ఇంధనం నూనె. వత్తి ఆ నూనె నడిచే దారి మాత్రమే.

శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1848లోను, మళ్లీ 1860 చివరలోను లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు కొవ్వొత్తి గురించి ఉపన్యాసాలిచ్చాడు. వంచిన గాజుగొట్టం ఒక కొసను మంట మధ్యలో ఉంచి, అక్కడి ఆవిరిని బయటికి రప్పించి, గొట్టం రెండో కొస దగ్గర దాన్ని వెలిగించి చూపాడు. అప్పుడే ఆర్పిన కొవ్వొత్తి నుంచి లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపితే మంట ఆ పొగ వెంట దిగివచ్చి వత్తిని మళ్లీ వెలిగిస్తుంది. మన బడుల్లో 'దహనం' పాఠం చెప్పే రోజున ఈ ఒక్క ప్రయోగం చేసి చూపితే చాలు. నిర్వచనం బట్టీ పట్టిన పిల్లవాడు పరీక్ష రాయగానే మరిచిపోతాడు. పొగ వెంట మంట దిగిరావడం చూసినవాడు జన్మలో మరిచిపోడు.

ఇప్పుడు బాణలి దగ్గరికి వద్దాం. అరిసెలు, గారెలు, బరంపురం అప్పడాలు వేగేటప్పుడు నూనె సుమారు 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. శుద్ధి చేసిన వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు దాదాపు 230 డిగ్రీల దగ్గర పొగలు కక్కడం మొదలుపెడతాయి. ఆ పొగలో కళ్లు మండించే అక్రోలీన్ ఉంటుంది, అది నూనెలోని గ్లిసరాల్ విరిగిపోగా పుట్టినది. 320 డిగ్రీలు దాటే సరికి, నిప్పు తగిలితే చాలు అంటుకునేంత ఆవిరి నూనె పైన చేరుతుంది. 360, 370 డిగ్రీలు దాటితే నిప్పు కూడా అవసరం లేదు, నూనె తనంతట తానే అంటుకుంటుంది. అంటే ఈ బాణలి వత్తి అవసరం లేని ప్రమిద. నూనె మొత్తం వేడెక్కి ఉంది కాబట్టి పైతలమంతా ఒకేసారి ఆవిరిని పంపుతుంది. పదేపదే కాచిన నూనెలో విడిపోయిన కొవ్వు ఆమ్లాలు పెరిగి ఈ మెట్లన్నీ కిందికి జరుగుతాయి. నిన్నటి నూనెకు ఇవాళ ముందుగానే పొగలు వస్తే కారణం ఇదే.

నూరేళ్ల నాటి ఒక లెక్క ఇక్కడ పనికొస్తుంది. దాదాపు ఏ సేంద్రియ ఇంధనమైనా ఒక గ్రాము ఆక్సిజన్‌ను వాడుకుని మండినప్పుడు విడుదలయ్యే వేడి ఇంచుమించు ఒకటే అని 1917లో థార్న్‌టన్ అనే పరిశోధకుడు గమనించాడు. 1980లో హగ్గెట్ అనే మరో పరిశోధకుడు దాన్ని 13.1 కిలోజౌళ్లుగా (కిలోజౌల్ అంటే వేడిని కొలిచే ప్రమాణం) స్థిరపరిచాడు. బాణలి మీద మూత పెట్టినప్పుడు లోపల మిగిలే ఖాళీ మూడు లీటర్లు అనుకుందాం. చల్లని గాలి అనుకున్నా అందులో ఆక్సిజన్ ఒక గ్రాము కన్నా తక్కువ. అదంతా ఖర్చయినా పుట్టే వేడి సుమారు పదకొండు కిలోజౌళ్లే. పైగా మంట అదంతా వాడుకోలేదు. గాలిలో 21 శాతం ఉండే ఆక్సిజన్ 15 శాతానికి దగ్గరపడే సరికే సాధారణంగా మంట చచ్చిపోతుంది. ఎగసిపడుతున్న పెద్ద బాణలి మంట సెకనుకు కొన్ని పదుల కిలోజౌళ్లు విడుదల చేస్తుంది. కాబట్టి సరిగ్గా కూర్చున్న మూత కింద ఆ మంట ఆయుష్షు ఒక సెకను కూడా ఉండదు.

మంట ఆరినా వేడి అలాగే ఉంటుంది. ఒక లీటరు నూనె 370 నుంచి 200 డిగ్రీలకు దిగాలంటే, లీటరు చన్నీటిని మరిగే దాకా కాచడానికి పట్టేంత వేడిని అది వదిలించుకోవాలి. ఇనుప బాణలి వేడి అదనం. మూత కింద ఆ వేడి నెమ్మదిగా పోతుంది. "ఆరిందా లేదా" అని రెండు నిమిషాలకే మూత ఎత్తి చూస్తే, 360 డిగ్రీలకు పైన ఉన్న నూనెకు తాజా గాలి దొరుకుతుంది. మళ్లీ భగ్గుమంటుంది, ఈసారి తొంగిచూసే ముఖం మీదికి. పొయ్యి కట్టేసి, మూత తీయకుండా కనీసం అరగంట వదిలేయాలి.

దీపాన్ని నోటితో ఊదకూడదు, పువ్వుతో కొండెక్కించాలి అని పెద్దలు అంటారు. దీపం ఆరితే అశుభం అన్న మాటను నేను నమ్మను. పువ్వుతో అదిమే పద్ధతిని మాత్రం నమ్ముతాను, అది గాలినీ నూనె దారినీ ఒకేసారి కోస్తుంది. చిన్న దీపాన్ని ఊదితే వత్తి చుట్టూ ఉన్న కాస్త ఆవిరి చెదిరి మంట ఆరుతుంది. బాణలి మీద ఊదితే, విసిరితే, ఫ్యాను తిరుగుతుంటే, ఎప్పటికప్పుడు పుట్టుకొస్తున్న ఆవిరికి గాలి అందించినట్టే. నీళ్ల సంగతి ఇంకా ఘోరం. నీరు నూనె కన్నా బరువు, కిందికి మునుగుతుంది. అక్కడ క్షణంలో ఆవిరై సుమారు 1,700 రెట్లు ఉబ్బుతుంది. ఆ పొంగుకు మండే నూనె తుంపరలుగా పైకి లేచి కప్పుదాకా పోతుంది. గ్లాసెడు నీళ్లు చాలు, వంటిల్లంతా అంటుకోవడానికి.

ఇక దుప్పటి. గాజు నార 800 డిగ్రీలు దాటితే కానీ మెత్తబడదు. కానీ వత్తికి మండే గుణం అవసరం లేదని చెప్పుకున్నాం కదా. సన్నని సందులుంటే చాలు. నూనె దీపాలకు గాజు నార వత్తులు కూడా అమ్ముతారు, పత్తి వత్తిలా కొస నల్లబడి పాడవదని వాటిని కొందరు ఇష్టపడతారు. అదే నారతో నేసిన బట్టను 370 డిగ్రీల నూనె మీద పరిచామనుకోండి. కింది నుంచి నూనె ఆవిరి వచ్చి బట్టను తాకుతుంది. పైముఖం కాస్త చల్లగా ఉంటుంది కాబట్టి కొంత ఆవిరి పోగుల మధ్య చెమ్మలా పేరుకుంటుంది. మధ్యలో బట్ట కుంగి నూనెను తాకితే చెప్పనక్కర్లేదు, నూనె నేరుగా పైకి పాకుతుంది. కాసేపటికి నూనెతో తడిసిన బట్ట పైముఖాన కావలసినంత గాలి, కింద కావలసినంత వేడి. ప్రమిద మళ్లీ తయారైంది, వత్తి మాత్రం మీటరు వెడల్పు. 1815లో శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ బొగ్గుగనుల కోసం చేసిన దీపంలో సన్నని ఇనుప జల్లెడ మంటను చల్లబరిచి దాటనివ్వదు. కానీ వాయువును దాటనిస్తుంది, జల్లెడ బాగా కాలితే మంటనూ దాటనిస్తుంది. పలుచని గాజు బట్టకూ ఇదే పరిమితి.

ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో వినియోగ వస్తువుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ దుప్పట్లను మండే నూనె మీద పరీక్షించినప్పుడు చాలా రకాలు విఫలమయ్యాయి. బాణలి మంటకు మూతే వాడమని అక్కడి అగ్నిమాపక శాఖ ప్రచారం చేసింది. వంటనూనె మంటలకు తగదన్న హెచ్చరిక యూరప్‌లో అమ్మే కొన్ని దుప్పట్ల మీద కనిపిస్తోంది. మన ఇళ్లకు చేరే సంచుల మీద మాత్రం ఇప్పటికీ బాణలి బొమ్మే ఉంటోంది. అది నాకు బాధ కలిగించే విషయం.

కాబట్టి అరిసెలు వండే రోజున పొయ్యి పక్కన బాణలికన్నా వెడల్పైన బల్లపరుపు స్టీలు మూత ఒకటి పెట్టుకోండి. గాజు మూత వద్దు, పగలవచ్చు. మంట లేస్తే మూతను ఎదురుగా ఎత్తి పడేయకుండా మీ వైపు నుంచి అవతలికి జరుపుతూ కప్పాలి. బాణలిని ఎత్తి పెరట్లోకి తీసుకుపోయే ప్రయత్నం ఎంతమాత్రం చేయకూడదు. మూత దొరకకపోతే, సందులు పూడేలా సిలికాన్ పూత ఉన్న మందపాటి దుప్పటిని, అంచులు చేతుల మీదుగా మడిచి పట్టుకుని, కుంగకుండా బిగువుగా అలాగే జరపవచ్చు. వెంటనే స్టవ్ కట్టేయాలి, దుప్పటి పైకి పొగ వస్తున్నా ఎత్తకూడదు. దాన్ని తగిలించే చోటు వంటింటి తలుపు పక్కన. స్టవ్ పైన తగిలిస్తే అవసరమైనప్పుడు చెయ్యి పెట్టేది మంటలోనే.

దుప్పటి అసలు ప్రయోజనం మరొక చోట ఉంది, చీరకొంగు అంటుకున్నప్పుడు. నిలువుగా వేలాడే బట్టకు కింద మంట తగిలితే, వేడి వాయువులు పైకి లేస్తూ పైబట్టను ముందే కాచి సిద్ధం చేస్తాయి. అందుకే మంట అడ్డంగా పాకే దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా పైకి పోతుంది. మనిషి పరిగెత్తితే గాలి తోడవుతుంది. వెంటనే నేల మీద పడుకోబెట్టడమే సగం చికిత్స, మంట ముఖానికి ఎక్కే దారి పోతుంది. ఆపై మెడ దగ్గర మొదలుపెట్టి కాళ్ల వైపు దుప్పటి చుట్టాలి. ఇక్కడ నూనె చెరువు లేదు, వత్తి భయం లేదు. ఉన్నది కాస్త బట్ట, దానికి గాలి కోస్తే చాలు.

ఫైర్ బ్లాంకెట్ లేని ఇంట్లో గొంగళి ఉంటే అదీ పనికొస్తుంది. ఒక పదార్థం మండుతూ ఉండటానికి కనీసం ఎంత శాతం ఆక్సిజన్ కావాలో కొలిచే సూచిక ఒకటుంది. పత్తికి అది సుమారు 18, పాలిస్టర్‌కు 20 నుంచి 22, ఉన్నికి 25. గాలిలో ఉన్నది 21. పత్తి చీర హాయిగా మండుతుంది. ఉన్ని నిప్పు తగిలినంతసేపు మాడి, నిప్పు తీయగానే ఆగుతుంది. పాలిస్టర్ కరిగి చర్మానికి అంటుకుంటుంది, మన వంటిళ్లలో గాయాలు లోతుగా దిగడానికి అదొక కారణం. పాలిస్టర్ దుప్పటిని, నైలాన్ రగ్గును ఎప్పుడూ కప్పకండి.

మంట ఆరాక కాలిన చోట ఇరవై నిమిషాల పాటు మామూలు కుళాయి నీళ్లు ధారగా పోయాలి. నీళ్లు పోస్తే బొబ్బలెక్కుతాయన్నది ఎంతోమందిని బాధపెట్టిన అపోహ. ఇంకు, టూత్‌పేస్టు, పసుపు, దోసెల పిండి ఏదీ వద్దు. ఐసూ వద్దు. చర్మానికి అంటుకున్న బట్టను పీకవద్దు, ఆసుపత్రిలో తీస్తారు.

గ్యాస్ మంట విషయంలో మాత్రం వరుస మారుతుంది. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీద పరుచుకుంటుంది. గాలిలో 2 నుంచి 9 శాతం కలిస్తే ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ముందు రెగ్యులేటర్ కట్టేయాలి, అప్పుడు మంట దానంతట అదే ఆరుతుంది. కట్టేయడానికి వీలు లేనప్పుడు దుప్పటితో మంటను ఆర్పితే, మండకుండా మిగిలిన గ్యాస్ గదంతా నిండుతుంది. అలాంటప్పుడు అందరూ బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేసి, దూరం నుంచి 101కి గాని 112కి గాని ఫోన్ చేయాలి. మంట లేకుండా వాసన మాత్రమే వస్తుంటే స్విచ్చులు ముట్టుకోకుండా కిటికీలు తెరిచి, బయటికి వెళ్లి గ్యాస్ లీకుల అత్యవసర నంబరు 1906కు చెప్పాలి. గజపతి, రాయగడ కొండ ఊళ్లకు అగ్నిమాపక వాహనం రావడానికి సమయం పడుతుంది, ఆ ఫోన్ ఆలస్యం చేయవద్దు.