పాశ్చర్‌కు కలిసొచ్చిన చలి

పులస పులుసుకు చింతపండు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే కోనసీమలో ఇంటర్ పిల్లలను ఏటా తికమక పెడుతుంది. రెండు కైరల్ కార్బన్లున్నా (నాలుగు వేర్వేరు సమూహాలు అతుక్కున్నవి) దాని రూపాలు నాలుగు కావు, మూడే. ఆ రెండు కార్బన్లకూ ఉన్న సమూహాలు ఒకటే కావడంతో, మీసో అనే మూడో రూపంలో ఒక సగం ధ్రువిత కాంతిని (ఒకే తలంలో కంపించే కాంతిని) తిప్పినంతా రెండో సగం వెనక్కి తిప్పేస్తుంది. సూత్రం ఇంతే. దీని వెనుక చరిత్ర మాత్రం పెద్దది.

ఈ ఆమ్లాన్ని 1769లో రసాయన శాస్త్రవేత్త షీలే వేరుచేశాడు. 1820 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని తాన్ కర్మాగారంలో, అచ్చం అదే సంఘటనం గల మరో ఆమ్లం బయటపడింది. ద్రాక్ష నుంచి వచ్చే మామూలు ఆమ్లం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది. కొత్తది అసలు తిప్పదు. రెండింటి సోడియం అమ్మోనియం లవణాల స్ఫటికాలకూ తేడా లేదని 1844లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త మిషెర్లిక్ ప్రకటించాడు.

పాతికేళ్ల లూయీ పాశ్చర్‌కు ఆ మాట నచ్చలేదు. 1848లో తిప్పని ఆమ్లపు లవణాన్ని స్ఫటికీకరించి భూతద్దంతో చూశాడు. కొన్నింటి చిన్న ముఖాలు కుడికి, కొన్నింటివి ఎడమకు వాలి ఉన్నాయి. ఓపిగ్గా ఏరి, విడివిడిగా కరిగించాడు. ఒక ద్రావణం కాంతిని కుడికి, రెండోది అంతే ఎడమకు తిప్పింది. అంటే ఆ కొత్త ఆమ్లం మీసో కాదు, ఈ రెండింటి సమ మిశ్రమం. డెబ్బై దాటిన భౌతిక శాస్త్రవేత్త బయో నమ్మక, తన కళ్లెదుటే మళ్లీ చేయించుకున్నాడు.

పాఠ్యపుస్తకాలు పాశ్చర్ చూపును పొగుడుతాయి, వాతావరణాన్ని మరుస్తాయి. ఆ లవణం సుమారు 27 డిగ్రీల లోపైతేనే కుడి, ఎడమ స్ఫటికాలుగా విడిపోతుంది. అంతకు మించితే రెండూ కలిసిన ఒకే రకం స్ఫటికాలు వస్తాయి, ఏరడానికేమీ ఉండదు. అమలాపురంలో మే నెలలో గిన్నె ఆరబెడితే పాశ్చర్ ప్రయత్నం ఫలించేది కాదు. సంక్రాంతి చలిలో అయితే మన కాలేజీ ల్యాబ్‌లోనూ ఫలించవచ్చు.

ఈ కుడి ఎడమల తేడాకు కారణం తేలడానికి మరో పాతికేళ్లు పట్టింది. కండరాల్లోని లాక్టిక్ ఆమ్లం కాంతిని తిప్పుతుంది. అప్పట్లో పులిసిన పాల నుంచి తీసింది తిప్పలేదు. ఈ తేడా పరమాణువుల అమరికలోనే ఉండాలని 1873లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త విస్లిసెనస్ అన్నాడు. మరుసటి ఏడాదే వాంట్ హాఫ్, లెబెల్ విడివిడిగా చతుర్ముఖి కార్బన్‌ను (నాలుగు బంధాలూ నాలుగు మూలలకు చాచినదాన్ని) ప్రతిపాదించారు.

అయినా కుడికి తిప్పే అణువు, ఎడమకు తిప్పే అణువుల్లో దేని అమరిక నిజంగా ఏ వైపుదో తెలియదు. జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎమిల్ ఫిషర్ ఒక వైపును ఊహించి బొమ్మలు గీశాడు. తప్పయ్యే అవకాశం సరిగ్గా సగం. 1951లో డచ్ శాస్త్రవేత్త బైఫుట్ బృందం సోడియం రుబిడియం టార్ట్రేట్‌ను ఎక్స్ కిరణాలతో పరీక్షించింది. ఫిషర్ ఊహ సరైనదే.