బైపాడ్ కొనేముందు మీది ఏ రకం రైఫిలో చూసుకోండి: అపోహలు - వాస్తవాలు

అపోహ: బైపాడ్ (రైఫిల్ ముందుభాగాన్ని ఆనించే రెండు కాళ్ళ స్టాండు) బిగిస్తే ఏ రైఫిల్‌కైనా గురి కుదురుతుంది.

వాస్తవం: స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ విషయంలో ఇది శుద్ధ తప్పు. ఒంగోలులోగానీ నెల్లూరులోగానీ కొత్తగా ఈ సరదాలోకి దిగినవాళ్ళ చేతిలో ఎక్కువగా కనిపించేది బ్యారెల్ వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిలే. దానికి ఆన్‌లైన్‌లో బైపాడ్ తెప్పించి బిగిస్తారు. గ్రూపు, అంటే కాగితం మీద పడే దెబ్బల గుంపు, మునుపటికన్నా విచ్చిపోతుంది. ముందు స్కోపు మీద అనుమానం, తర్వాత పెల్లెట్ల మీద, ఆఖరికి తమ చెయ్యే వణుకుతోందని బెంగ. చేతికేం కాలేదండీ.

ట్రిగ్గర్ నొక్కగానే లోపల పిస్టన్ ముందుకు దూకుతుంది, రైఫిల్ వెనక్కి తంతుంది. నొక్కుకుపోయిన గాలికి తగిలి పిస్టన్ ఆగేసరికి రైఫిల్ మళ్ళీ ముందుకు ఉలికిపడుతుంది. ఈ కుదుపు మొదలయ్యేటప్పటికి పెల్లెట్ ఇంకా బ్యారెల్‌లోనే ఉంటుంది. కాబట్టి రైఫిల్‌ని ప్రతిసారీ ఒకేలా కదలనివ్వాలి. గట్టి బల్ల మీద ఆనిన బైపాడ్ కాళ్ళు ఆ కదలికను అడ్డుకుని ముందుభాగాన్ని ఎగరేస్తాయి, అదీ ఒక్కో దెబ్బకి ఒక్కోలా. బైపాడ్‌ని బ్యారెల్‌కే బిగిస్తే ఇంకా ఘోరం.

స్ప్రింగ్ రైఫిల్‌కి చెయ్యాల్సిందిదీ: బల్ల మీద ఇసుక సంచి, దాని మీద మీ అరచెయ్యి, అరచేతిలో స్టాక్ (బ్యారెల్‌ని మోసే చెక్క లేదా ప్లాస్టిక్ భాగం). ట్రిగ్గర్ గార్డుకు కాస్త ముందు, రైఫిల్ బరువు సమంగా తూగేచోట ఆనించండి. పిడికిలి బిగించొద్దు. ఆ చోటు మారకుండా స్టాక్ మీద చిన్న టేపు ముక్క అంటించుకోండి. నమ్మకం కుదరకపోతే 10 మీటర్లలో, ఒకే డబ్బా పెల్లెట్లతో, బైపాడ్ మీద అయిదు, అరచేతి మీద అయిదు, ఇలా మార్చి మార్చి మూడేసి కాగితాలు కొట్టి పక్కపక్కన పెట్టి చూడండి.

పీసీపీ రైఫిల్‌కైతే, అంటే ముందే సిలిండర్‌లో గాలి నింపుకుని కొట్టేదానికైతే, ఆ పిస్టన్ కుదుపు ఉండదు కాబట్టి బైపాడ్ బాగా పనికొస్తుంది. అయితే గాలి సిలిండర్‌కు మాత్రం బిగించొద్దు. సిలిండర్‌నీ బ్యారెల్‌నీ ఒకే బ్యాండు పట్టి ఉంచితే, కాళ్ళ మీద పడే బరువు బ్యారెల్ మీదికి పోతుంది. స్టాక్‌కున్న స్టడ్‌కో (చిన్న మొల) రైలుకో (గాళ్ళున్న పట్టీ) బిగించండి. ప్లాస్టిక్ స్టాకైతే లోడ్ తీసేసి, బైపాడ్ మీద భుజంతో ఒత్తుతూ బ్యారెల్‌కీ స్టాక్‌కీ నడుమ కాగితం జరిపి చూడండి. ఇరుక్కుంటే స్టాక్ వంగి బ్యారెల్‌కు తగులుతున్నట్టే.

అపోహ: కాళ్ళు ఎంత పొడవుంటే అంత మంచిది.

వాస్తవం: పొడుగు కాళ్ళవి నేలమీద కూర్చుని కొట్టేవాళ్ళకి. బల్ల దగ్గర చాలామందికి 6 నుంచి 9 అంగుళాలదే సరిపోతుంది. కొనకముందే కొలుచుకోవచ్చు. కుర్చీలో నడుం వంచకుండా కూర్చుని, ఖాళీ రైఫిల్ భుజానికి ఆనించి, ముందుభాగం కింద పుస్తకాలు పేర్చండి. కన్ను స్కోపుకు సహజంగా అందిన ఎత్తే మీ ఎత్తు.

అపోహ: బల్ల ఎంత గట్టిదైతే గురి అంత బాగుంటుంది.

వాస్తవం: సగమే నిజం. మన ప్రకాశంలో చీమకుర్తి గ్రానైట్ పలకకి కొదవ లేదు, దాన్నే బల్లగా వేసేవాళ్ళున్నారు. బరువుకి కదలదు, అంతవరకూ మేలే. కానీ పాలిష్ పట్టిన రాయి మీద రబ్బరు కాళ్ళు జారతాయి, ఎగురుతాయి. ఒక పాత కార్పెట్ ముక్క పరిస్తే చాలు. కాళ్ళు పరిచాక భుజంతో కొద్దిగా ముందుకు ఒత్తి పట్టాలి. అప్పుడు కీళ్ళలో వదులు కూడా పోతుంది. కొత్త బైపాడ్ కాస్త ఊగుతోందని కంగారుపడి వెనక్కి పంపేవాళ్ళకీ ఇదే జవాబు.

రైఫిల్ వెనక భాగం కింద పెట్టే ఇసుక సంచి లేకపోతే ఎంత ఖరీదైన బైపాడైనా సగం పనే చేస్తుంది. పెన్న ఇసుక కడిగి, బాగా ఎండబెట్టి, జల్లెడ పట్టి నింపండి. బియ్యం పోస్తే పురుగు పడుతుంది.

ఇక మిగతావి. మొన కాళ్ళు మట్టినేలకే. పిల్లల 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ నిలబడి, ఏ ఆసరా లేకుండా కొట్టేది. దానికోసం బైపాడ్ కొనమని ఎవరు చెప్పినా వినకండి, ఆ డబ్బు పిల్లాడి షూటింగ్ జాకెట్‌కి పెట్టండి. బైపాడ్‌తో ఆడేది ఎఫ్-టీఆర్, అంటే ఎయిర్ రైఫిల్‌తో కాకుండా తూటా రైఫిల్‌తో పడుకుని చాలా దూరపు గురిని కొట్టే పోటీ. అందులో రైఫిల్, స్కోపు, బైపాడ్ అన్నీ కలిపి 8.25 కిలోలు దాటకూడదు, కాబట్టి అక్కడ తేలికపాటిదే ఎంచుకోవాలి.