ఎనభై ఏళ్ళ వయసులో షుగర్ ఎంత ఉండాలి?

మూడు నెలల షుగర్ టెస్టులో, అంటే హెచ్‌బీఏ1సీలో, ఎనభై ఏళ్ళ పెద్దాయనకి 6.2 వచ్చిందంటే ఇంట్లో అందరూ సంబరపడతారు. నేనైతే ముందు రెండు విషయాలు అడుగుతాను. ఏ మందులు వేసుకుంటే ఆ అంకె వచ్చింది? ఈ ఏడాదిలో ఆయన బరువు ఎంత తగ్గింది? నలభై ఐదేళ్ళ మనిషికి మెచ్చుకోదగ్గ అంకే, చిక్కిపోయి గోడ పట్టుకుని నడుస్తున్న మనిషికి ప్రాణం మీదికి తేవచ్చు.

షుగర్ ఎంత తగ్గిస్తే గుండె అంత పదిలం అని వైద్యులు కూడా చాలాకాలం అనుకున్నారు. అది తేల్చడానికే అమెరికా, కెనడాల్లో అకార్డ్ అనే పెద్ద అధ్యయనం చేశారు. మొత్తం 10,251 మంది టైప్ 2 పేషెంట్లు, సగటు వయసు 62, అందరూ గుండెజబ్బు ఉన్నవాళ్ళో వచ్చే ప్రమాదం ఎక్కువగా ఉన్నవాళ్ళో. సగం మందికి హెచ్‌బీఏ1సీని 6 కంటే కిందికి దించాలని, మిగతావాళ్ళకి 7 నుంచి 7.9 మధ్య ఉంచితే చాలని లక్ష్యం పెట్టుకున్నారు. గట్టిగా తగ్గించిన వైపు 257 మంది చనిపోయారు, రెండో వైపు 203 మంది. 2008 ఫిబ్రవరిలో ఆ గట్టి చికిత్సని మధ్యలోనే ఆపేశారు. మరణాలకి కారణమేంటన్న దాని మీద వాదనలు తర్వాత కూడా నడిచాయి గానీ, షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం మాత్రం గట్టి చికిత్స వైపు దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది.

ఇక పెద్దవాళ్ళ నీరసం సంగతి. 'వయసైపోయింది కదా' అని మనం వదిలేసేదాన్ని అమెరికాలో లిండా ఫ్రైడ్ అనే డాక్టర్ బృందం 2001లో కొలతల్లో పెట్టింది: ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, ఎప్పుడూ అలసటగా ఉండటం, చేతి పట్టు సడలడం, నడక నెమ్మదించడం, పనులు తగ్గిపోవడం. ఈ ఐదింటిలో మూడు ఉంటే ఆ మనిషి శరీరంలో నిల్వ శక్తి అయిపోవచ్చిందని లెక్క, చిన్న జ్వరం వచ్చినా తేరుకోవడం కష్టం.

షుగర్‌కీ దీనికీ లంకె కండరాల్లో ఉంది. తిన్న తర్వాత ఇన్సులిన్ రక్తంలోంచి బయటికి పంపే గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం వెళ్ళేది కండరాల్లోకే, కాబట్టి కండ తగ్గితే షుగర్ పెరుగుతుంది, షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే కండ ఇంకా తగ్గుతుంది. కానీ కొందరిలో ఒక దశ దాటాక కథ తిరగబడుతుంది. ఆకలి చచ్చిపోతుంది, బరువు దిగిపోతుంది, కిడ్నీలు మందకొడిగా పనిచేయడంతో మందూ ఇన్సులినూ ఒంట్లోంచి త్వరగా పోవు, దాంతో అరవై ఏళ్ళప్పుడు సరిపోయిన మాత్ర ఇప్పుడు ఎక్కువైపోతుంది. షుగర్ తగ్గిందని మనం సంతోషిస్తాం, నిజానికి తగ్గుతున్నది మనిషి.

నాకు ఎక్కువ భయం వేసేది గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి మాత్రల గురించి. చవక, బాగా పనిచేస్తాయి, మన దగ్గర చాలామంది ఏళ్ళ తరబడి వాడుతున్నారు. అవి క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తాయి, మనిషి తిన్నాడా లేదా అన్నది వాటికి పట్టదు. పొద్దున మాత్ర వేసుకుని ఏకాదశి ఉపవాసం ఉన్న అమ్మమ్మకీ, రాత్రి అరగ్లాసు జావ తాగి పడుకున్న తాతయ్యకీ షుగర్ 70 కిందికి, ఒక్కోసారి 54 కిందికి కూడా జారిపోవచ్చు. పడుచువాళ్ళకైతే చెమటలు, వణుకు, గుండెదడ ముందే హెచ్చరిస్తాయి. పెద్దవాళ్ళలో ఆ హెచ్చరికలు మొద్దుబారతాయి, కొన్ని బీపీ మాత్రలు దడనీ వణుకునీ కప్పేస్తాయి, అందుకని తికమకగా మాట్లాడటం, తూలడం, మత్తుగా పడి ఉండటమే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు మతిమరుపు అనుకుంటారు. అలా తూలి బాత్రూంలో పడి తుంటి ఎముక విరిగితే, మళ్ళీ మునుపటిలా నడవని వాళ్ళు ఎందరో.

హెచ్‌బీఏ1సీ సగటు మాత్రమే కాబట్టి రాత్రి 50, పగలు 280 ఉన్న మనిషికి కూడా అది చక్కగానే రావచ్చు. రక్తహీనత ఉంటే ఆ అంకెనే నమ్మలేం.

అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకి 7 నుంచి 7.5 లోపు, చాలా జబ్బులతో ఉన్నవాళ్ళకి 8 లోపు చాలంటుంది. మరీ బలహీనపడినవాళ్ళకి అంకె వెంట పడొద్దని, షుగర్ పడిపోకుండా, పెరిగి బాధపెట్టకుండా చూడమని చెబుతుంది. అలాగని గాలికొదిలేయడం కాదు, ఎప్పుడూ మూడొందలు ఉంటే మూత్రం ఎక్కువై, ఒంట్లో నీరు తగ్గి, ఇన్ఫెక్షన్లు పట్టుకుని మనిషి ఇంకా కుంగిపోతాడు.

యూరప్‌లో ఏడు దేశాల్లో మిడ్-ఫ్రెయిల్ అనే అధ్యయనం చేశారు. డెబ్బై దాటి, నీరసించిన షుగర్ పేషెంట్లకి 16 వారాలు కండరాల వ్యాయామం చేయించి, తిండి గురించి నేర్పి, షుగర్ లక్ష్యాన్ని సడలించారు. ఏడాది తిరిగేసరికి వాళ్ళ నడక, కుర్చీలోంచి లేవడం, నిలకడ మెరుగయ్యాయి. మన ఇళ్ళల్లో జరిగేది దీనికి ఎదురు. డాలస్ నుంచి కొడుకు వీడియో కాల్‌లో 'అన్నం మానెయ్ నాన్నా' అంటాడు, రెండు పుల్కాలతో సరిపెట్టుకున్న నాన్న ఇంకా చిక్కిపోతాడు. ఆయనకి కావాల్సింది గుడ్డు, పెరుగు, చిక్కటి పప్పు, చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టే మనిషి. ఆ కొడుకు అడగాల్సింది షుగర్ ఎంతని మాత్రమే కాదు, బరువెంత, రాత్రి ఏం తిన్నావు, ఈమధ్య ఎప్పుడైనా పడ్డావా అని కూడా.

మందులు మీ అంతట మీరు ఆపకండి, ఈ వివరాలన్నీ తీసుకెళ్ళి డోసు తగ్గించవచ్చా అని డాక్టర్‌ని అడగండి. ఒకవేళ షుగర్ పడిపోయి, మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి ఇచ్చి, పదిహేను నిమిషాలకి మళ్ళీ టెస్ట్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయాలి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్ళకి ఒకసారి తేరుకున్నాక కూడా గంటల తర్వాత మళ్ళీ పడిపోవచ్చు, కాబట్టి కాస్త తినిపించి, ఆ రాత్రంతా కనిపెట్టుకుని ఉండాలి.