గోడకు బూజు పడితే తప్పు ఎవరిది?

ఇంగ్లండ్‌లోని రోచ్‌డేల్‌లో 2020 డిసెంబరులో ఆవాబ్ ఇషాక్ అనే రెండేళ్ల బాబు చనిపోయాడు. తల్లిదండ్రులు సూడాన్ నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో నల్లబూజు పడుతోందని తండ్రి 2017లోనే ఇల్లు అద్దెకిచ్చిన హౌసింగ్ సంస్థకు చెబితే, పైన పెయింట్ వేసుకోమన్నారు. ఆ బూజులో చాలాకాలం ఉండటం వల్లే ఊపిరితిత్తులు దెబ్బతిని బాబు పోయాడని 2022 నవంబరులో కరోనర్ (మరణ కారణాలను విచారించే అధికారి) తేల్చారు. కుటుంబం అలవాట్ల వల్లే బూజు వస్తోందని అనుకున్నామనీ, అది తప్పేననీ సంస్థ ఆ తర్వాత ఒప్పుకుంది.

అద్దెకున్నవాళ్లు ఎక్కడైనా వినే మాటే ఇది: "మీరు కిటికీలు తీయరు, బట్టలు లోపలే ఆరేస్తారు." అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ లెక్క అక్కడితో ఆగదు. గదిలో 20 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్నాయనుకుందాం. ఇది మామూలు ఇల్లే. చల్లగాలి తక్కువ ఆవిరినే పట్టుకోగలదు కాబట్టి, బయటి చలికి గోడ 15 డిగ్రీలకు దిగితే, ఆ గోడను ఆనుకున్న గాలిలో తేమ 82 శాతానికి చేరుతుంది. 12 డిగ్రీలకు దిగితే గోడకు నీళ్లే పడతాయి. గోడ దగ్గర తేమ 80 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజుకు అంతకంటే ఏమీ అక్కర్లేదు. తిండికి పెయింటు, వాల్‌పేపరు, దుమ్ము చాలు. అందుకే పైన పెయింట్ కొట్టినా మళ్లీ వస్తుంది. నలుగురు ఊపిరి పీల్చి, వండుకుని, స్నానం చేస్తే ఆవిరి రాక మానదు. గోడ అంత చల్లబడటం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లేకపోవడం మాత్రం కట్టడంలో లోపాలు. వాటికి ఓనరే బాధ్యుడు.

మరక ఎక్కడుందో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. నేల నుంచి మీటరు లోపు ఎత్తులో, తెల్లటి ఉప్పు పొరతో ఉంటే పునాది చెమ్మ. అంచు గోధుమరంగులో ఉండి, వాన పడ్డాక పెరిగితే లీకేజీ. గది మూలల్లో, బీరువా వెనక, కిటికీ ఫ్రేముల మీద నల్ల చుక్కలుంటే గాలిలోని ఆవిరి. మొదటి రెండూ అద్దెదారు చేతిలో ఉండవు. మూడోదానిలోనే ఇద్దరికీ వాటా ఉంటుంది: ఫ్యాన్ పెట్టించడం ఓనరు పని, దాన్ని వేసుకోవడం, బీరువాను గోడకు కాస్త ఎడంగా జరపడం అద్దెదారు పని.

ఇంగ్లండ్‌లో ఆవాబ్ పేరు మీదే వచ్చిన చట్టం 2025 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది. సోషల్ హౌసింగ్ సంస్థలు (తక్కువ అద్దెకు ఇళ్లిచ్చే కౌన్సిళ్లు, హౌసింగ్ సంస్థలు) ప్రమాదకరమైన చెమ్మ గురించి ఫిర్యాదు అందిన 10 పనిదినాల్లో తనిఖీ చేయాలి, ప్రమాదం నిజమని తేలితే మరో 5 పనిదినాల్లో ఇంటిని సురక్షితం చేయాలి. అత్యవసరమైతే 24 గంటలే గడువు. అక్కడ ప్రైవేటు ఇళ్లలో అద్దెకుండే మన విద్యార్థులకు 2018 నాటి మరో చట్టం ఉంది. చెమ్మ పట్టి నివాసానికి పనికిరాని ఇల్లు అద్దెకిచ్చిన ఓనరును దాని కింద కోర్టుకు లాగవచ్చు.

మన దగ్గర పై ఫ్లాట్ బాత్రూమ్ లీకై గోడ నానితే ఓనరు, అసోసియేషన్ ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. కేంద్రం 2021లో ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్ట్ కట్టడం మరమ్మతులు, సున్నాలు, పైపుల మార్పిడి ఓనరు పనులేనని చెబుతుంది. అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే చెల్లుతుంది. కాబట్టి ఆ మాటను అగ్రిమెంటులోనే రాయించుకోండి. చెమ్మ కనిపించిన రోజే ఫొటో తీసి, ఫోన్ చేసి ఊరుకోకుండా మెసేజ్ కూడా పెట్టండి. అడ్వాన్స్‌లో పెయింటు ఖర్చు కోస్తామన్నప్పుడు పనికొచ్చేది ఆ తేదీయే.