ఒంటికి కాదు, బ్యాక్టీరియాకి అలవాటు: ల్యాబ్‌లో రోజూ వినే అపోహలు

వానలు పడితే చాలు, హైదరాబాద్‌లో ఏ ల్యాబ్ చూసినా జ్వరం శాంపిళ్ళే. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌ని పాతవాళ్ళు ఇప్పటికీ కోరంటి దవాఖాన అంటారు. అక్కడ ఓపీ లైను పెరిగే రోజుల్లో మాకూ ఊపిరాడదు. నేను మైక్రోబయాలజిస్టుని. రక్తంలో, మూత్రంలో ఏ క్రిమి పెరుగుతోందో, అది ఏ మందుకు లొంగుతుందో చూసి డాక్టర్‌కి చెప్పడం నా పని. రిపోర్టు కోసం వచ్చేవాళ్ళ దగ్గర వినే కొన్ని మాటలు నన్ను చాలా బాధపెడతాయి.

అపోహ: "యాంటీబయాటిక్స్ వాడీ వాడీ నా ఒంటికి అలవాటైపోయాయి."

వాస్తవం: అలవాటు పడింది మీ ఒళ్ళు కాదు, బ్యాక్టీరియా. మా ప్లేటు ఒక్కసారి చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. మూత్రం ఇన్ఫెక్షన్ శాంపిల్‌లో దొరికిన బ్యాక్టీరియాను అగార్ ప్లేటు (క్రిములు పెరిగే జెల్లీ ఉన్న పళ్ళెం) మీద పలచగా పూసి, యాంటీబయాటిక్ పట్టించిన కాగితం బిళ్ళలు పెడతాం. ఒక్కోటి 6 మిల్లీమీటర్లు, చొక్కా గుండీ కన్నా చిన్నది. 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచి పొద్దున తీస్తే పెరిగిన బ్యాక్టీరియాతో ప్లేటంతా మబ్బు పట్టినట్టు ఉంటుంది. మందు పనిచేసిన చోట బిళ్ళ చుట్టూ శుభ్రంగా ఖాళీ వలయం. పనిచెయ్యకపోతే మబ్బు బిళ్ళ అంచు దాకా వచ్చి ఆనుకుంటుంది. ఆ ప్లేటులో మనిషి ఒళ్ళే లేదు, అయినా మందు ఓడిపోయింది. కొన్ని బ్యాక్టీరియా మందును విరగ్గొట్టే ఎంజైములు తయారుచేస్తాయి, కొన్ని లోపలికొచ్చిన మందును బయటికి నెట్టేస్తాయి. ఆ జన్యువులను పక్క బ్యాక్టీరియాకి కూడా అందిస్తాయి. అందుకే ఏనాడూ యాంటీబయాటిక్ ముట్టని పెద్దమ్మకి కూడా మొండి బ్యాక్టీరియా అంటుకోవచ్చు.

అపోహ: "రెండు గోలీలే కదా, ఏమైతది?"

వాస్తవం: పోయినేడు ఒక హాస్టల్ కుర్రాడి బ్లడ్ కల్చర్ వచ్చింది, అంటే రక్తాన్ని సీసాలో ఉంచి క్రిమి పెరుగుతుందేమో చూసే పరీక్ష. వారంగా జ్వరం, కడుపునొప్పి, టైఫాయిడ్ అని డాక్టర్ అనుమానం. సీసాను ఐదు రోజులు కనిపెట్టుకుని ఉన్నాం, ఏమీ పెరగలేదు. ఫోన్ చేస్తే వాళ్ళమ్మ, "మెడికల్ షాపులో రెండు గోలీలు ఇచ్చిండు మేడమ్, అంతే" అంది. ఆ రెండు యాంటీబయాటిక్ గోలీలతో రోగం తగ్గలేదు. కానీ సీసాలో క్రిమి పెరగకుండా పోవడానికి అవి సరిపోతాయి. ఏ మందు ఇవ్వాలో చెప్పే ఆధారం పోయింది, డాక్టర్ అంచనా మీద వైద్యం చెయ్యాల్సి వచ్చింది. దయచేసి ముందు రక్తం ఇవ్వండి, తర్వాతే యాంటీబయాటిక్. పారాసెటమాల్ వేసుకుంటే మాకేం ఇబ్బంది లేదు.

అపోహ: వైడల్ పాజిటివ్ అంటే టైఫాయిడే.

వాస్తవం: వైడల్ పరీక్ష బ్యాక్టీరియాను వెతకదు, దాని మీద మన ఒళ్ళు తయారుచేసిన యాంటీబాడీలను వెతుకుతుంది. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ వల్ల, మలేరియా లాంటి వేరే జ్వరాల వల్ల కూడా అది పాజిటివ్ రావచ్చు. నిజంగా టైఫాయిడ్ ఉన్నా మొదటి వారంలో నెగెటివ్ రావచ్చు. ఆ ఒక్క కాగితం పట్టుకుని పద్నాలుగు రోజులు మందు మింగినవాళ్ళు ఎంతమందో! టైఫాయిడ్‌కి మంచి టీకా ఉంది, అదీ హైదరాబాద్ పక్కనే టీకా కంపెనీలున్న మన జీనోమ్ వ్యాలీ నుంచే వచ్చింది. బ్యాక్టీరియా మీది చక్కెర పొరను టెటనస్ ప్రోటీన్‌కి జోడించడంతో ఆరు నెలల పిల్లల ఒళ్ళు కూడా దాన్ని గుర్తుపడుతుంది. 2017 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాకి గుర్తింపు ఇచ్చింది.

అపోహ: కఫం పచ్చగా ఉంటే యాంటీబయాటిక్ పడాల్సిందే.

వాస్తవం: ఆ రంగు మన తెల్ల రక్తకణాల్లోని ఒక ఎంజైముది. వైరస్ జలుబులోనూ వస్తుంది.

అపోహ: డెంగ్యూలో జ్వరం దిగితే గండం గడిచినట్టే.

వాస్తవం: చాలామందికి అలాగే తగ్గిపోతుంది. కానీ ముదిరేవాళ్ళకి ముదిరేది అప్పుడే, మూడో రోజుకీ ఏడో రోజుకీ మధ్య, టెంపరేచర్ దిగే వేళ. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారి రక్తం చిక్కబడుతుంది. రిపోర్టులో అది పీసీవీ (రక్తంలో ఎర్ర రక్తకణాల వాటా) పెరగడంగా కనిపిస్తుంది. అందరూ ప్లేట్‌లెట్ల అంకె కోసమే టెన్షన్ పడతారు, అదే కాగితంలో ఉన్న పీసీవీ గురించి అడిగేవాళ్ళు లేరు. రక్తస్రావం లేకపోతే, ప్లేట్‌లెట్లు 10,000 పైన ఉన్నంతవరకు మామూలుగా ఎక్కించాల్సిన పని ఉండదు. బొప్పాయి ఆకు రసం మీద నమ్మకంతో ఇంట్లో ఉండిపోవద్దు. ఒళ్ళు నొప్పులకి ఆస్పిరిన్, ఇబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వెయ్యొద్దు. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, చల్లబడిన చేతులు, మగత, తగ్గిపోయిన మూత్రం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, థర్మామీటర్ 98 చూపిస్తున్నా సరే, అర్ధరాత్రైనా సరే, ఆస్పత్రికి తీసుకెళ్ళండి.