జర్మనీ ఆశ్రయ చట్టం: ‘ఎందుకు వచ్చావు’ నుంచి ‘ఏ దారిన వచ్చావు’ దాకా

2025 మే 7. కొత్త ప్రభుత్వం ప్రమాణం చేసిన మర్నాడే జర్మనీ హోం మంత్రి అలెగ్జాండర్ డోబ్రింట్ సరిహద్దు పోలీసులకు ఒక ఉత్తర్వు ఇచ్చారు. ఆశ్రయం కావాలని నోరు తెరిచి అడిగినవాళ్లను కూడా సరిహద్దు దగ్గరే వెనక్కి పంపవచ్చన్నది దాని సారాంశం. రెండు రోజులకే పోలండ్ నుంచి రైల్లో వచ్చిన ముగ్గురు సొమాలియా వాసులు ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్) స్టేషన్‌లో తనిఖీకి చిక్కారు. పెద్ద విమానాశ్రయం ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్ కాదిది, ఓడర్ నది ఒడ్డున పోలండ్‌ను ఆనుకుని ఉన్న చిన్న ఊరు. ఆశ్రయం అడిగినా ముగ్గురినీ అదే రోజు పోలండ్‌కు తిప్పి పంపేశారు. అది చట్టవిరుద్ధమని జూన్ 2న బెర్లిన్ పాలనా న్యాయస్థానం తేల్చింది. వాళ్ల బాధ్యత ఏ దేశానిదో తేల్చే విచారణ ముందు జరగాలని, అది లేకుండా పంపడానికి వీల్లేదని చెప్పింది. తీర్పు ఆ ముగ్గురికే పరిమితమంటూ ప్రభుత్వం ఉత్తర్వును మాత్రం కొనసాగించింది.

ఈ గొడవ నిన్నమొన్నటిది కాదు. 1948-49లో బాన్ నగరంలో రాజ్యాంగం రాస్తున్నప్పుడే ఇదే ప్రశ్న వచ్చింది. నాజీల కాలంలో ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన జర్మన్లకు ఎన్నో దేశాలు తలుపులు మూసిన సంగతి ఆ గదిలో ఉన్నవాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. రాజకీయ వేధింపులకు గురైనవారికి ఆశ్రయ హక్కు ఉంటుందని 16వ అధికరణంలో ఒకే వాక్యం రాసుకున్నారు. షరతులు చేరుద్దామని కొందరు అన్నారు. షరతంటూ పెడితే దాన్ని సరిహద్దులో ఉన్న సిబ్బందే పరీక్షించాల్సి వస్తుందని, అప్పుడు ఆ నిబంధనకే విలువ ఉండదని రాజ్యాంగం రాస్తున్న సభ సభ్యుడు హెర్మాన్ ఫాన్ మాంగోల్ట్ అభ్యంతరం చెప్పారు. ఆ మాట నెగ్గింది.

ఆ వాక్యం ప్రత్యేకత ఏమిటంటే, అందులో ఆశ్రయం ప్రభుత్వం దయతో ఇచ్చేది కాదు. వచ్చిన మనిషికే అది ప్రాథమిక హక్కు. హక్కు అన్నాక దానికోసం కోర్టుకు వెళ్లవచ్చు, కేసు తేలేదాకా దేశంలో ఉండవచ్చు. తర్వాతి గొడవలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

మొదటి పాతికేళ్లు పెద్ద ఇబ్బంది రాలేదు. 1956లో హంగరీ నుంచి, 1968లో చెకొస్లొవాకియా నుంచి వచ్చినవాళ్లు కమ్యూనిస్టు ప్రభుత్వాల నుంచి పారిపోయినవాళ్లు కాబట్టి పశ్చిమ జర్మనీ సంతోషంగానే చేర్చుకుంది. 1973లో చమురు సంక్షోభం వచ్చి, విదేశీ కార్మికులను రప్పించడం ఆపేయడంతో పరిస్థితి మారింది. పని కోసం వచ్చే దారి మూసుకుపోయింది, ఆశ్రయం దారి ఒక్కటే మిగిలింది. 1980లో, టర్కీలో సైనిక తిరుగుబాటు జరిగిన ఏడాది, దరఖాస్తులు మొదటిసారి లక్ష దాటాయి. టర్కీ పౌరులకు వీసా తప్పనిసరి చేశారు. ఆశ్రయ దరఖాస్తుల విధివిధానాలకు 1982లో ప్రత్యేక చట్టం తెచ్చారు.

ఆ దశాబ్దంలో శ్రీలంక తమిళులు వచ్చిన దారి చూస్తే, చట్టానికీ భూగోళానికీ ఉన్న సంబంధం అర్థమవుతుంది. వాళ్లు తూర్పు బెర్లిన్‌లోని షోనెఫెల్డ్ విమానాశ్రయంలో దిగేవారు. తూర్పు జర్మనీ ప్రభుత్వం వాళ్లకు దాటిపోయే అనుమతి ఇచ్చేది. అక్కడి నుంచి లోకల్ రైలెక్కితే పశ్చిమ బెర్లిన్. నగరం మధ్యనున్న గీతను పశ్చిమ జర్మనీ అంతర్జాతీయ సరిహద్దుగా ఒప్పుకోదు కాబట్టి తనవైపు పాస్‌పోర్టులు తనిఖీ చేయదు. చేస్తే విభజనను ఒప్పుకున్నట్టవుతుంది! చివరికి బేరసారాల తర్వాత, 1986 అక్టోబర్ నుంచి పశ్చిమ జర్మనీ వీసా లేనివాళ్లను దాటనివ్వడం తూర్పు జర్మనీయే మానేసింది.

అసలు మలుపు 1992-93లో వచ్చింది. బెర్లిన్ గోడ కూలింది, యుగోస్లావియాలో యుద్ధం మొదలైంది, రొమేనియా నుంచి రోమా ప్రజలు కదిలారు. 1992లో 4,38,191 దరఖాస్తులు వచ్చాయి. వాటిలో ఆశ్రయానికి అర్హులని గుర్తించింది వందకు నలుగురైదుగురినే. అదే సమయంలో హోయర్స్‌వెర్డా, రోస్టాక్, మోల్న్‌లో వలసదారుల ఇళ్ల మీద దాడులు, గృహదహనాలు జరిగాయి. రాజ్యాంగ సవరణకు మూడింట రెండొంతుల మెజారిటీ కావాలి, అంటే ప్రతిపక్ష సోషల్ డెమోక్రాట్లు కలిసిరావాలి. 1992 డిసెంబర్ 6న ఒప్పందం కుదిరింది. 1993 మే 26న పార్లమెంటు దిగువ సభ బుండెస్టాగ్ 521-132 ఓట్లతో సవరణను ఆమోదించింది. మూడు రోజులకు సోలింగెన్‌లో ఒక టర్కీ కుటుంబం ఇంటికి నిప్పు పెట్టారు, ఐదుగురు చనిపోయారు. దరఖాస్తులు తగ్గితే ద్వేషం తగ్గుతుందన్న వాదన ఎంత బలహీనమో ఆ వారంలోనే తెలిసిపోయింది.

సవరణ పాత వాక్యాన్ని కొట్టేయలేదు, అక్షరం మార్చకుండా 16ఏ అధికరణంలో మొదటి క్లాజుగా ఉంచింది. కానీ దాని కింద చేర్చిన క్లాజులు దాన్ని దాదాపు ఖాళీ చేశాయి. ‘సురక్షిత తృతీయ దేశం’ మీదుగా వచ్చినవారికి ఆ హక్కు వర్తించదు. జర్మనీ చుట్టూ ఉన్న దేశాలన్నీ సురక్షితమైనవే. పోలండ్, చెక్ రిపబ్లిక్‌లను కూడా ఆ జాబితాలో పెట్టారు. కాబట్టి నేల మీద వచ్చిన ఎవరికైనా రాజ్యాంగబద్ధమైన ఆశ్రయం పోయినట్టే. నేటికీ దాని కింద గుర్తింపు పొందేది దరఖాస్తుదారుల్లో ఒక శాతం అటూఇటూ.

విమానంలో వస్తే? దానికీ ఏర్పాటు చేశారు. సురక్షితమని ప్రకటించిన దేశాల పౌరుల, సరైన పాస్‌పోర్టు లేనివాళ్ల కేసులను విమానాశ్రయంలోనే తేలుస్తారు. రెండు రోజుల్లో నిర్ణయం. తిరస్కరిస్తే అత్యవసర పిటిషన్‌కు మూడు రోజులు, కోర్టుకు 14 రోజులు. మొత్తం 19 రోజులు. అప్పటిదాకా మనిషి జర్మనీ నేల మీద ఉన్నా చట్టం దృష్టిలో లోపలికి రానట్టే. 1996 మే 14న రాజ్యాంగ న్యాయస్థానం ఈ మార్పులన్నిటినీ సమర్థించింది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. 16ఏ మూసుకుపోతే జర్మనీలో రక్షణే దొరకదని కాదు. 1951 జెనీవా ఒప్పందం కింద శరణార్థి హోదా ఉంది. యుద్ధం, మరణశిక్ష, చిత్రహింస లాంటి ముప్పు ఉన్నవారికి యూరోపియన్ చట్టం ఇచ్చే అనుబంధ రక్షణ ఉంది. ఏదీ కుదరకపోయినా వెనక్కి పంపడం ప్రమాదమైతే బహిష్కరణ నిషేధం ఉంది. 2015 తర్వాత సిరియన్లకు దొరికింది ప్రధానంగా మొదటి రెండూ. ఏది దొరికిందన్న దాన్ని బట్టే భార్యాపిల్లలను పిలిపించుకునే హక్కు ఉంటుంది. అందుకే శరణార్థి హోదా కోసం మళ్లీ కోర్టుకెక్కేవాళ్లు అంతమంది. సాధారణ తిరస్కరణపై అప్పీలుకు రెండు వారాల గడువుంది, కోర్టు తేల్చేదాకా ఉండవచ్చు. ‘పసలేదని స్పష్టంగా తెలుస్తోంది’ అన్న ముద్రతో తిరస్కరిస్తే గడువు వారమే. పైగా బహిష్కరణ ఆపమని విడిగా పిటిషన్ వేయాలి. ఉత్తరం పాత చిరునామాకు వెళ్లి ఈ వారం దాటిపోవడం ఎంతో మందికి జరుగుతుంది. చిరునామా మారితే తెలియజేయడం దరఖాస్తుదారుడి బాధ్యతేనని చట్టం అంటుంది.

1993లోనే నవంబర్ 1 నుంచి ఆశ్రయం కోరేవారికి మామూలు సంక్షేమం కన్నా తక్కువ భత్యమిచ్చే చట్టం అమల్లోకి వచ్చింది. ఒంటరి వ్యక్తికి నెలకు 224 యూరోల చొప్పున ఆ మొత్తం 2012 దాకా పెరగనే లేదు. మనిషి గౌరవంగా బతకడానికి అది చాలదని, ఆ గౌరవాన్ని వలసలను అదుపు చేసే సాధనంగా వాడకూడదని ఆ ఏడాది జులై 18న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. తర్వాత భత్యం పెరిగింది, మళ్లీ కోతలూ వచ్చాయి.

ఇక డబ్లిన్ నిబంధన. ఒప్పందం 1990లో కుదిరింది, 1997లో అమలైంది, దాని మూడో రూపం 2013 నాటిది. కుటుంబ సభ్యులు ఎక్కడున్నారు, వీసా ఎవరిచ్చారు అన్నవి చూశాక, యూరప్‌లో మొదట అడుగుపెట్టిన దేశమే కేసు చూడాలన్నది సూత్రం. వేలిముద్రలు యూరోడాక్ అనే ఉమ్మడి డేటాబేస్‌లో ఉంటాయి. ఉదాహరణకు బల్గేరియాలో నమోదైన ముద్ర జర్మనీలో దొరికితే రెండు నెలల్లోగా బల్గేరియాను అడగాలి. ఆ దేశం ఒప్పుకున్నాక ఆరు నెలల్లో మనిషిని అప్పగించాలి. పారిపోతే ఆ గడువు 18 నెలలు. గడువు దాటితే బాధ్యత జర్మనీదే అవుతుంది.

కాగితం మీద ఇది చక్కగా ఉంటుంది. 2023లో జర్మనీ ఇతర దేశాలకు పంపిన ఇలాంటి వినతులు సుమారు 74,600. నిజంగా అప్పగించింది 5,000 పైచిలుకు మాత్రమే. ఇటలీ 2022 డిసెంబర్ నుంచి దాదాపు ఎవరినీ తీసుకోవడం మానేసింది. గ్రీస్‌లో పరిస్థితులు అమానవీయమని యూరోపియన్ మానవ హక్కుల కోర్టు 2011లోనే చెప్పింది. మిగిలినవాటిలో విమానం సీటు, అవతలి దేశం ఒప్పుకునే రోజు, సమయం, ఇక్కడి పోలీసుల బృందం అన్నీ ఒకే తెల్లవారుజామున కుదరాలి. 2024 ఆగస్టులో సోలింగెన్‌లో కత్తితో ముగ్గురిని చంపిన సిరియన్‌ను అంతకుముందు ఏడాదే బల్గేరియాకు పంపాల్సింది. పోలీసులు వెళ్లిన రాత్రి అతను పాడర్‌బోర్న్ శిబిరంలోని గదిలో లేడు. మళ్లీ ప్రయత్నం జరగలేదు, గడువు దాటిపోయింది, తర్వాత అతనికి జర్మనీలోనే అనుబంధ రక్షణ దొరికింది. 2024 సెప్టెంబర్ 16 నుంచి నేల సరిహద్దులన్నిటి దగ్గరా తనిఖీలు పెట్టడానికి కారణాల్లో ఈ కేసు ముఖ్యమైనది.

2015-16 గురించి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 2015లో వచ్చినవాళ్లు దాదాపు 8.9 లక్షలు. నమోదు వెనకబడడం వల్ల దరఖాస్తుల సంఖ్య మాత్రం 2016లో 7.45 లక్షలకు చేరింది. 2015 అక్టోబర్‌లో, 2016 మార్చిలో రెండు చట్టాల ‘ప్యాకేజీలు’ వచ్చాయి. అనుబంధ రక్షణ పొందినవారు కుటుంబాన్ని పిలిపించుకోవడంపై రెండేళ్ల విరామం విధించారు. అది పొడిగింపులతో సాగి 2018 ఆగస్టు నుంచి నెలకు వెయ్యి మంది కోటాగా మారింది, 2025 జులై 24 నుంచి మళ్లీ రెండేళ్లు ఆగిపోయింది.

సురక్షిత దేశాల జాబితా మాత్రం వేరే చోట ఇరుక్కుంది. ఘనా, సెనెగల్ పాతవి. 2014-15లో పశ్చిమ బాల్కన్ దేశాలు, 2023 డిసెంబర్‌లో జార్జియా, మోల్డోవా చేరాయి. అల్జీరియా, మొరాకో, ట్యునీషియాలను చేర్చాలన్న ప్రతిపాదనను 2017 మార్చిలో రాష్ట్రాల సభ బుండెస్రాట్ తిప్పికొట్టింది. గ్రీన్ పార్టీ భాగస్వామిగా ఉన్న రాష్ట్ర ప్రభుత్వాలు ఒప్పుకోలేదు.

2024 ఫిబ్రవరి చట్టంతో బహిష్కరణకు ముందు స్వల్పకాలం అదుపులో ఉంచే ప్రత్యేక నిర్బంధం (దీర్ఘకాల నిర్బంధం వేరు) గరిష్ఠ కాలం 10 రోజుల నుంచి 28కి పెరిగింది. తగ్గించిన భత్యం మీద బతకాల్సిన కాలం 18 నెలల నుంచి 36కు మారింది. అదే ఏడాది నగదుకు బదులు పేమెంట్ కార్డు వచ్చింది. చాలా రాష్ట్రాల్లో పెద్దవాళ్లు దాని నుంచి నెలకు 50 యూరోలే నగదు తీసుకోగలరు. సెకండ్ హ్యాండ్ సంతలో చలికోటు కొనాలంటే నోట్లు కావాలి, లాయరు ఫీజు వాయిదాలు కట్టాలంటే బ్యాంకు బదిలీ కావాలి. కార్డుతో రెండూ చిక్కే.

మనవాళ్లకు ఇందులో నేరుగా సంబంధమున్న సంగతి ఒకటుంది. మొత్తం యూరోపియన్ యూనియన్‌కు (ఈయూ) వర్తించే సురక్షిత దేశాల జాబితాను యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించింది, అందులో భారత్ ఉంది. చదువు వీసా గడువు ముగుస్తుంటే ‘అసైలం వేసెయ్, కొన్నేళ్లు గడిచిపోతాయి’ అని చెప్పే ఏజెంట్లు ఈ చట్టంలోని మిగతా సగం చెప్పరు. ఆరు నెలల లోపు కాలానికి ఇచ్చిన పర్మిట్ దరఖాస్తు పెట్టిన క్షణమే రద్దవుతుంది. విచారణ ముగిసేదాకా, చట్టం హక్కుగా ఇచ్చే కొన్ని సందర్భాల్లో తప్ప, కొత్త రకం నివాస అనుమతి ఇవ్వరు. తిరస్కరణ వచ్చాక దేశం విడిచి వెళ్లి మళ్లీ రావడమే సాధారణంగా మిగిలే మార్గం. దరఖాస్తు వెనక్కి తీసుకుని ఉద్యోగ పర్మిట్‌కు మారే వీలు 2023 చివర్లో కల్పించారు గానీ, అది ఆ ఏడాది మార్చి 29కి ముందే జర్మనీ చేరినవాళ్లకే.

2024లో ఈయూ ఆమోదించిన కొత్త ఉమ్మడి చట్టాల అమలు తేదీ 2026 జూన్ 12. ఈయూలో సగటున వందకు ఇరవై లేదా అంతకన్నా తక్కువ దరఖాస్తులకే ఆమోదం దొరికే దేశాల నుంచి వచ్చినవారి కేసులను వెలుపలి సరిహద్దులోనే, అప్పీలుతో సహా 12 వారాల్లో తేల్చాలి. జర్మనీకి షెంగెన్ (పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేసిన దేశాల కూటమి) వెలుపలి నేల సరిహద్దు లేదు కాబట్టి ఆ పని విమానాశ్రయాల మీద, ఓడరేవుల మీద పడుతుంది. 1993 నాటి విమానాశ్రయ పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. డబ్లిన్ స్థానంలో వచ్చే నిబంధనలో పారిపోయినవారి అప్పగింత గడువు 18 నెలల నుంచి మూడేళ్లకు పెరుగుతుంది. సాధారణ గడువు మాత్రం ఆరు నెలలే. గదిలో మనిషి లేడంటే పారిపోయాడని అర్థమా, ఆ రాత్రికి స్నేహితుడి ఇంట్లో పడుకున్నాడని అర్థమా అన్నది జర్మనీ అధికారులే నిర్ధారించి, ఆరు నెలలు నిండకముందే అవతలి దేశానికి చెప్పాలి.