లీవు ఇంగ్లీషు: అపోహలు - వాస్తవాలు

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసు మొదలైన వారంలోనే నేనొక ప్రశ్న అడుగుతాను. "రేపు పొద్దున మీకు జ్వరం వచ్చింది. ఆఫీసుకి ఫోన్ చేసి ఏమని చెప్తారు?" డిగ్రీ చదివినవాళ్లు కూడా ఇక్కడే తడబడతారు. అది వాళ్ల తప్పు కాదు, మనం నేర్పే తీరులోనే లోపముంది.

అపోహ: బడిలో నేర్చుకున్న లీవ్ లెటర్ వస్తే చాలు.

వాస్తవం: "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" మనందరికీ కంఠతా వచ్చు. ఉత్తరంలో రాస్తే ఇబ్బంది లేదు. ఫోన్‌లో అంటే మాత్రం కాగితం చూసి చదువుతున్నట్టు ఉంటుంది. "ఐ హావ్ ఎ ఫీవర్. ఐ కాంట్ కమ్ ఇన్ టుడే" అనండి, సరిపోతుంది. ఆ 'ఇన్' వదిలేయకండి, పనిచేసే చోటికి రావడం అనే అర్థం దానివల్లే వస్తుంది. "కాల్ ఇన్ సిక్" అన్నా ఒంట్లో బాగోలేదని పనిచేసే చోటికి ఫోన్ చేసి చెప్పడమే. డాక్టరుని పిలవడం అని చాలామంది పొరపాటు పడతారు.

అపోహ: లీవు పెట్టాను అంటే "ఐ పుట్ లీవ్".

వాస్తవం: తెలుగులో 'పెట్టాను' అనే ఒక్క మాట రెండు పనులు చేస్తుంది. ఇంగ్లీషులో ఆ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. సెలవు అడిగితే "ఐ అప్లైడ్ ఫర్ లీవ్". ఒకరోజు తీసుకుంటే "ఐ టుక్ ఎ డే ఆఫ్". ఈ తేడా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: 'మిస్', 'స్కిప్', 'బంక్' అన్నీ ఒకటే.

వాస్తవం: నన్నడిగితే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. "ఐ మిస్డ్ స్కూల్ ఎస్టర్‌డే" అంటే నిన్న బడికి వెళ్లలేదని మాత్రమే, అందులో నింద లేదు. "ఐ మిస్ స్కూల్" అంటే బడి మీద బెంగగా ఉందని. 'స్కిప్' అంటే కావాలని ఎగ్గొట్టడం. జ్వరంతో పడుకున్న పిల్ల "ఐ స్కిప్డ్ స్కూల్" అంటే డుమ్మా కొట్టానని తానే ఒప్పుకున్నట్టవుతుంది. ఇక 'బంక్' మనం పుట్టించిన మాటేమీ కాదు, బ్రిటన్‌లో "బంక్ ఆఫ్" అంటారు. అమెరికాలో "కట్ క్లాస్", "ప్లే హుకీ" వినిపిస్తాయి.

అపోహ: ఊళ్లో లేకపోతే ఎక్కడైనా "ఔట్ ఆఫ్ స్టేషన్" అనొచ్చు.

వాస్తవం: అధికారులు ఉద్యోగం చేసే ఊరిని స్టేషన్ అనే బ్రిటిష్ కాలపు అలవాటు మన దగ్గర మిగిలింది. అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మీ అబ్బాయి అలా అంటే అక్కడివాళ్లకి అర్థం కాకపోవచ్చు. "ఔట్ ఆఫ్ టౌన్" అనమని చెప్పండి.